చదివింపుల మామ

మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఏ కల్యాణమండపానికి వెళ్ళినా భోజనాలకు పోయే దారిలో ఒక బల్ల ఉంటుంది. పక్కన కాదు, సరిగ్గా దారికి అడ్డంగానే. దాని వెనక ఒక చేత మైకు, ఒక చేత పెన్ను పట్టుకుని కూర్చునేవాడే చదివింపుల మామ. పెళ్ళికొడుకులు మారతారు, మామ మారడు.

నోటుపుస్తకం నాలుగు మూలలా పసుపు రాసి, శ్రీరామ చుట్టి మొదలుపెడతాడు. ‘‘తర్లుపాడు వాస్తవ్యులు, అమ్మాయి మేనమామగారు, పదివేల నూట పదహార్లూ!’’ అంకె పెరిగేకొద్దీ గొంతు లేస్తుంది. నూట పదహార్లయితే మైకు గరగరమంటుంది. అంతస్తు అంటే ఏమిటో సోషియాలజీ విద్యార్థికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఫ్రాన్సు పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద పెద్ద వ్యాసం రాశాడు. ఇవ్వక తప్పదు, పుచ్చుకోక తప్పదు, తిరిగి ఇవ్వక తప్పదు అన్నది దాని సారం. అందుకోసం పాలినీషియా దీవుల ముచ్చట్లన్నీ తిరగేశాడు పాపం. కంభం వచ్చుంటే ఒక్క ముహూర్తంలో తేలిపోయేది. ‘‘అబ్బాయా, మీ అక్క పెళ్ళికి బేస్తవారిపేట వాళ్ళు ఐదొందల పదహార్లు చదివించారు. అప్పుడు బంగారం ఎంత, ఇప్పుడెంత? నువ్వూ అంతే ఇస్తే లెక్క సరిపోద్ది, మొహం చెల్లదు’’ అంటాడు మామ. ఈ కట్టుబాటుకు కోర్టు లేదు, పోలీసు లేదు. మామ కనుబొమ్మ ఎగరేస్తే అదే శిక్ష.

పైకి కనబడే ప్రయోజనం ఒకటి, లోపల దాగిన ప్రయోజనం ఇంకొకటి ఉంటాయన్నాడు అమెరికా పండితుడు రాబర్ట్ మెర్టన్. చదివింపులు పైకి కొత్త జంటకు సాయం, లోపల మనవాళ్ళెవరో తేల్చే జనాభా లెక్క. వానల్లేక హైదరాబాదు, బెంగళూరు వలసపోయినవాళ్ళు ఊళ్ళో ఇంటికి తాళం వేస్తారు గానీ ఈ పుస్తకంలో పేరు పోనివ్వరు.

మామకూ ఇరకాటాలుంటాయి. సొంత బావమరిది నూట పదహార్ల కవరు అందిస్తే రాసేవాడిగా చదవాలి, బావగా దాచాలి. పాత్రల సంఘర్షణ అంటే అదే. సరిగ్గా అప్పుడే మామకు దాహమేసి, మైకు పక్కవాడి చేతికి పోతుంది.

ఇప్పుడు బల్ల మీద ఫోన్‌పే స్కానర్ వెలిసింది. డబ్బు నేరుగా పెళ్ళివారి ఖాతాలో పడుతుంది. అయినా కట్టినాయన కదలడు. తెర చూపించి ‘‘రాశావా మామా? చదువు మరి’’ అని నిలబడతాడు. బ్యాంకు ఒప్పుకుంటే చాలదు, నలుగురూ వినాలి.

మార్కాపురం పలకల ఊరు. పలక మీద రాసింది తడిచేత్తో తుడిస్తే పోతుంది. మామ పుస్తకంలో పడింది మనవడి పెళ్ళిదాకా పోదు. కాబట్టి శుభలేఖ అందగానే బీరువాలోంచి మీ ఇంటి పాత చదివింపుల పుస్తకం తీసి చూసుకోండి. మామ మాత్రం చూసుకునే వస్తాడు.