అమీర్‌పేట దిగ్విజయము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

దిగ్విజయాలకు వ్యాఖ్య రాయడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. మెదక్ జిల్లా కొలచారం ఊరివాడైన మల్లినాథసూరి కాళిదాసు రఘువంశానికి సంజీవని అనే వ్యాఖ్య రాసి, నాలుగో సర్గలో రఘుమహారాజు సేన వెంట కళింగం నుంచి కామరూపం దాకా నడిచాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ కూడా పట్టాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ప్రస్తుత వ్యాఖ్యాత శిరసావహిస్తాడు. రెండో సగం పాటిస్తే పత్రికలో పేజీ నిండదు.

ఇక మూలం సంగతి. మైత్రీవనం వెనక సందులో ఒక బాయ్స్ హాస్టల్. జావా మెటీరియల్ జిరాక్సుల మధ్య తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ నవల కాపీ ఒకటి అక్కడ మంచం నుంచి మంచానికి తిరుగుతోంది. అట్ట ఊడింది. చివరి పేజీలో ఎవరిదో మెస్ బాకీ కూడిక, దాని కింద వేరే చేతిరాతలో ఆ కూడికకు సవరణ. చదివి ఇచ్చేస్తూ ఒక కుర్రాడు పెరుగన్నం ప్లేటుతో నిలబడి పలికిన వాక్యం ఇది.

మూలం

“బుక్కు మస్తుంది మామా. చంపుడే జర ఎక్కువైంది. గానీ ఫుల్ మోటివేషన్!”

ప్రతిపదార్థం

బుక్కు = చెంఘిజ్ ఖాన్ అనే నవల (చదివినంత మేరకు);
మస్తుంది = నిద్ర పట్టనివ్వలేదు; పొద్దున ఏడింటి బ్యాచ్ ఎగ్గొట్టించిందని ధ్వని;
మామా = ఓ పక్క మంచం వాడా; చుట్టరికం లేదు, చార్జర్ బదులిచ్చే సంబంధం మాత్రమే;
చంపుడే = వధించుటయే; ఏకారం వల్ల కథకూ భాషకూ పాత్రలకూ పాస్ మార్కులు పడ్డాయని గ్రహించాలి;
జర = కొంచెం; కొలత కింద ఇవ్వబడును;
ఎక్కువైంది = ఉండాల్సినదానికన్నా మించింది; ఉండాల్సిన చంపుడు కొంత ఉందని ఒప్పుకున్నట్టే;
గానీ = ఇంతవరకూ అన్నది మర్చిపో;
ఫుల్ మోటివేషన్ = మూడో రౌండులో పోయినవాణ్ణి మళ్లీ రెజ్యూమె పట్టించి లేపునట్టిది.

‘జర’ కొలత

ఒత్రార్‌లో తన వర్తకుల బిడారును చంపించారన్న కోపంతో చెంఘిజ్ ఖాన్ 1219లో ఖ్వారజ్మ్ రాజ్యం మీదికి వెళ్లాడు. 1220లో బుఖారా, సమర్‌కండ్ పడిపోయాయి. 1221లో మెర్వ్, నిషాపూర్ వంతు వచ్చింది. ఆ రెండు ఊళ్లలో చచ్చినవాళ్లను పాత పర్షియన్ చరిత్రకారులు లక్షల్లో లెక్కపెట్టారు. పెంచి రాశారని నేటి పండితులంటారు. ఎంత తెగ్గోసినా ఆ లెక్క ఒక ‘జర’లో పట్టదు.

అలంకారం

నిందలా నడిచి పొగడ్తలో తేలింది కాబట్టి ఇది వ్యాజస్తుతి అని ఒక పక్షం. నాలుగు నగరాలను రెండక్షరాల్లో సర్దిన చోట అతిశయోక్తి తలకిందులైందని మరో పక్షం. ఇద్దరూ కోచింగ్ ఫీజు కట్టినవాళ్లే కనుక ఇద్దరినీ ఒప్పుకుందాం.

పాఠాంతరాలు

మెట్రోలో ఒక్క స్టేషన్ దాటి పంజాగుట్టలో దిగితే పాఠం మారిపోతుంది. ద్వారకాపురి కాలనీలో రిటైరైన తెలుగు మాస్టారి ప్రతి ఇలా ఉంది: “నవల మంచిదే నాయనా. ఆ ఖానునే మరీ మంచివాణ్ణి చేసిపెట్టాడు సూరి.” హాస్టల్ కుర్రాడికి ఎక్కువైందే ఈయనకు తక్కువైంది.

నిమ్స్ ఆసుపత్రి గేటు దగ్గర, అన్న ఆపరేషన్ అయ్యేదాకా ఎదురుచూస్తూ చదివిన జనగామ ఆమె ప్రతి వేరు: “యుద్ధాలు నా తలకెక్కలే సార్. మొగుడు పోయినంక ఆ తల్లి పిల్లల్ని ఎట్ల సాదిందో గదే యాదికుంది.” టెమూజిన్ అంటే చిన్ననాటి చెంఘిజ్ ఖాన్; అతని తండ్రికి తాతారులు విషం పెట్టారు. తెగవాళ్లు ఆ కుటుంబాన్ని గడ్డిమైదానంలో వదిలి పోయారు. తల్లి అడవి ఉల్లి, దుంపలు తవ్వి పిల్లల్ని బతికించిందని మంగోలుల రహస్య చరిత్ర చెబుతుంది. ఈ పాఠంలో చంపుడు ఎక్కువా తక్కువా అన్న చర్చకే తావు లేదు.

పూర్వపక్షం

ఎవరి అభిప్రాయం వారిది, దానికింత టీక ఎందుకంటారా?

సమాధానానికి ముందు ఒక నాణేల కథ. 2017 సంక్రాంతికి బాలకృష్ణ రూపంలో తెరకెక్కిన గౌతమీపుత్ర శాతకర్ణి తన కాలంలో శకరాజు నహపానుణ్ణి ఓడించాడు. నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా నహపానుడి వెండి నాణేలు దొరికాయి. అందులో 9 వేలకు పైగా నాణేల మీద శాతకర్ణి ముద్ర ఉంది. వాటిని కరిగించలేదు, ఉన్న బొమ్మ మీదే తన గుర్తు కొట్టించాడు. తేరిపార చూస్తే కింద పాత మొహం కనిపిస్తుంది.

చెంఘిజ్ ఖానుకూ ఇదే జరుగుతూ వచ్చింది. జైలు నుంచి కూతురికి ఉత్తరాలు రాసిన నెహ్రూ అతని ముందు అలెగ్జాండరునూ సీజరునూ చిన్నబుచ్చాడు. సోవియట్ దేశంలో వసీలీ యాన్ 1939లో రాసిన నవలలో అతను ఊళ్లు తగలబెట్టే ఉపద్రవం. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలో రాసిన సూరికి చెల్లాచెదురైన తెగలను ఒక్కటి చేసినవాడు కనిపించాడు. మంగోలియాలోనే 1962లో అతని 800వ జయంతి చేసినందుకు ఒక పెద్ద నాయకుడి పదవి ఊడింది. కమ్యూనిస్టు పాలన పోయాక అదే మొహం కరెన్సీ నోటెక్కింది. రచయితలు ఒక ముద్ర కొడితే దానిమీద పాఠకుడు ఇంకోటి కొడతాడు. మాస్టారిది ఒకటి, జనగామ ఆమెది ఒకటి, మన మూలకర్తది ఒకటి.

సిద్ధాంతం

ఈ ముద్రల్లో చాలావాటికి ఒక లోపం సమానం. దిగ్విజయ కథ చదివేవాడు పుస్తకం తెరవగానే గుర్రమెక్కుతాడు. కోట గోడ లోపల నిలబడి చదివేవాడు అరుదు. మన కుర్రాణ్ణే చూడండి. హాస్టల్ బాకీ, బ్యాచ్ ఫీజు, ‘మళ్లీ చెబుతాం’ అన్న కంపెనీలు నాలుగు వైపులా ముట్టడించి ఉన్నాయి. న్యాయంగా అతను బుఖారా పౌరుడు. అయినా టెమూజిన్ గుర్రం మీద కూర్చుని మోటివేషన్ పొందాడు.

ఇక్కడ మల్లినాథుడు అక్కరకొస్తాడు. రఘువు హూణులను గెలిచిన ఘట్టంలో కాళిదాసు హూణ స్త్రీల చెక్కిళ్ల ఎరుపును ఒక్క మాటలో చెప్పి దాటిపోయాడు. అది సిగ్గు కాదు, భర్తలు పోయిన దుఃఖంలో చెంపలు కొట్టుకున్నందువల్ల వచ్చిన ఎరుపు అని ఆగి విప్పినవాడు కొలచారం వ్యాఖ్యాత. విజేత మహాకావ్యంలో ఆ స్త్రీల దుఃఖానికి దక్కింది ఒకే ఒక సమాసం. టీక లేకపోతే అదీ అందదు.

తాత్పర్యం

కాబట్టి మన మూలానికి ప్రాణం ‘మోటివేషన్’లో లేదు, ‘జర’లో ఉంది. ఇందాక ఆ మాటను చూసి మనం నవ్వుకున్నాం. కానీ గుర్రం దిగకుండానే ఆ కుర్రాడు ఒక్క క్షణం వెనక్కి తిరిగి, కింద పడ్డవాళ్లను చూసి, ఎక్కువైందన్నాడు. సింహాసనాలూ సైన్యాలూ చూసి మైమరచే పాఠకలోకంలో ఆ రెండక్షరాలు చిన్నవేమీ కాదు.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా చదివినవారికి అమీర్‌పేట జంక్షన్లో మారాల్సిన ప్లాట్‌ఫారం మొదటిసారే దొరుకుగాక. అరువు పుస్తకం అట్టతో సహా తిరిగి వచ్చుగాక. తరువాతి దిగ్విజయ నవలలో ఒక్క అధ్యాయమైనా వారు కోట లోపలి నుంచి చదువుదురుగాక. మెస్ బాకీ మాత్రం ఎవరిది వారే కట్టుకోవలెను.