పలకల వెనక ఆకాశం

న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్ పెద్ద హాల్లో నిలబడి తలెత్తితే కనిపించే ఆకాశం నేను కాదు. ఆకుపచ్చ కలిసిన ఆ నీలం మీద బంగారు గీతలతో మెరిసే రాశులన్నీ నా తర్వాత వచ్చినవి. నేను వాటి వెనక ఉన్నాను. 1944లో నా మీద నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న సిమెంటు ఆస్‌బెస్టాస్ పలకలు బిగించి, వాటి మీద నా బొమ్మనే మళ్లీ వేశారు. అప్పటినుంచి ఆ హాల్లో నడిచిన ప్రయాణికులెవరూ నన్ను చూడలేదు.

నా పుట్టుకకు మూలం ఒక ఘోరం. 1902 జనవరి 8న పార్క్ అవెన్యూ సొరంగంలో ఆవిరి ఇంజను పొగ కమ్మేసి సిగ్నల్ కనబడక, ఒక రైలు ముందు ఆగి ఉన్న రైలును గుద్దింది. 15 మంది చనిపోయారు. ఊరు ఊరంతా మండిపడింది. ఆవిరి ఇంజన్లు నగరం నడిబొడ్డుకు రాకూడదని చట్టం వచ్చింది. అప్పుడు రైల్వే ఇంజనీరు విలియం విల్గస్‌కు ఒక ఆలోచన తట్టింది. కరెంటు రైలుకు పొగ ఉండదు కనుక పట్టాలన్నిటినీ భూమి కిందికి, రెండు అంతస్తులుగా దించవచ్చు. అలా దించితే పైన బోలెడంత జాగా మిగులుతుంది. ఆ జాగాలో భవనాలు కట్టుకునే హక్కును ఇతరులకిచ్చి, ఆ ఆదాయంతో స్టేషను కట్టవచ్చు. గాలికి ధర కట్టిన ఆ ఆలోచనే నాకు ప్రాణం పోసింది. చాలా ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెచ్చిందీ అదే.

కట్టడం సంగతి క్లుప్తంగా చెబుతాను. రీడ్ అండ్ స్టెమ్ అనే సంస్థ జనం నడకను బట్టి దారులు వేసింది. మూటలు మోసుకొచ్చేవాళ్లకు మెట్ల బాధ తగ్గాలని ఎక్కడికక్కడ వాలుదారులు పెట్టింది. వారెన్ అండ్ వెట్‌మోర్ సంస్థ దానికి రాజసం తెచ్చింది. 1913 ఫిబ్రవరి 2న తలుపులు తెరిచారు. హాలు పొడవు 275 అడుగులు, వెడల్పు 120, ఎత్తు 125. కరెంటు అప్పటికి కొత్త గనుక, దీపాలకు డోములు తొడగకుండా బల్బులను గర్వంగా బయటికే వదిలేశారు.

నన్ను ఊహించినవారు వాస్తుశిల్పి విట్నీ వారెన్, ఫ్రెంచి చిత్రకారుడు పాల్ ఎల్యూ. నన్ను గచ్చు మీదికి దించింది జె. మన్రో హ్యూలెట్, చార్లెస్ బేసింగ్‌ల బృందం. నక్షత్రాల పటం కొలంబియా విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రవేత్త హెరాల్డ్ జాకోబీ ఇచ్చాడు. కుంభం నుంచి కర్కాటకం దాకా చలికాలపు ఆకాశం నా ఒంటి మీద పరుచుకుంది. రెండున్నర వేల బంగారు చుక్కలు, వాటిలో అరవై దాకా లోపల బల్బు వెలిగేవి. ఏ చుక్క ఎంత ప్రకాశంగా ఉండాలో చూసుకుని బల్బులు పెట్టారు. ఆ శ్రద్ధను తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వమే.

తెరిచిన కొద్ది వారాలకే న్యూ రోషెల్ నుంచి రోజూ వచ్చే ఒక ప్రయాణికుడు ఆకాశం తిరగబడి ఉందని పట్టేశాడు. నిజమే. తూర్పున ఉండాల్సినవి పడమట ఉన్నాయి. నెత్తి మీద పట్టుకుని చూడాల్సిన పటాన్ని పనివాళ్లు నేల మీద పరిచి చూశారని అంటారు. వేటగాడి ఆకారపు ఓరియన్ మాత్రం సరిగానే నిలబడ్డాడు. మీ మృగశిర, ఆరుద్ర ఉండేది అతనిలోనే. అతని ఎత్తిన చేతి దగ్గర మిథునం ఉండాల్సింది. అక్కడికి రోహిణిని మోసుకుని వృషభం వచ్చింది. ఈ తప్పు పలకల మీది బొమ్మకూ సంక్రమించింది. దాన్ని గురించి నాకు సిగ్గు లేదు. తలెత్తి చూసి, లెక్క సరిచూసి, తప్పు చెప్పేంత ఆసక్తి ఉన్న మనిషి నా కింద నడిచాడు. అదే నాకు సంతోషం.

నా బాధ వేరు. అది నీటి బాధ.

కప్పు కారడం మొదలైంది. ముందు ఓ మూల మచ్చ. గచ్చులోకి దిగిన నీళ్లు ఊరికే ఆరిపోవు. లోపలి లవణాలను కరిగించి పైకి తెస్తాయి, గచ్చు ఉబ్బుతుంది, పొడి రాలుతుంది. ముగ్గు మీద చినుకులు పడ్డట్టు నా నీలం పాకిపోయింది. బంగారం ఊడింది. అంచులకు బూజు పట్టింది. ఇరవై ఏళ్ల వయసు వచ్చేసరికే నేను చూడదగ్గట్టు లేను. కింద నడిచేవాళ్ల మీదికి నా పెచ్చులు రాలుతున్నా, ఎక్కడ కారుతోందో పైకెళ్లి వెతికి, ఆ ఒక్క చోటు సకాలంలో బాగుచేయించాలన్న ధ్యాస ఎవరికీ రాలేదు. నీటిని ఆపాల్సినవాళ్లు చివరికి నన్ను కప్పేశారు. అది యుద్ధకాలం. కిటికీల అద్దాలకు నల్లరంగు పూసి ఉంది, సైనికులు ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకునేది నా కిందే. ఆ హడావుడిలోనే పలకలు వచ్చాయి. పలకల మీది బొమ్మ మీద నాకు కోపం లేదు, కానీ నాలో ఉన్న నగిషీ పని అందులో లేదు. ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ఆ తర్వాతి దెబ్బలు పలకల మీది బొమ్మ మీద, స్టేషను మీద పడ్డాయి. 1950 నుంచి నలభై ఏళ్లు తూర్పు వైపు ఎండను కొడాక్ ప్రకటన ఫొటో అడ్డుకుంది. 18 అడుగుల ఎత్తు, 60 అడుగుల పొడవు. 1957లో హాల్లో రెడ్‌స్టోన్ రాకెట్‌ను ప్రదర్శనకు నిలబెట్టడం కోసం కప్పుకు రంధ్రం వేశారు. అది మీనరాశి దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది. 1980ల నాటికి నిలువ నీడలేనివాళ్లు వందలమంది స్టేషను బెంచీల మీద పడుకునేవారు. వాళ్లను చూసి ముఖం తిప్పుకున్నవాళ్లే స్టేషను మసిని చూసీ ముఖం తిప్పుకున్నారు.

అంతకుముందే విల్గస్ గాలి మళ్లీ వీచింది. స్టేషన్ని కూల్చి ఆకాశహర్మ్యం కట్టాలన్న ప్రతిపాదనలు 1954లోనే వచ్చాయి. 1963లో ఇదే ఊళ్లో పెన్సిల్వేనియా స్టేషన్ని పగలగొట్టడం మొదలుపెట్టారు. అదీ నాలాంటిదే, నాకన్నా మూడేళ్లు పెద్దది. ఆ దుఃఖంలోంచే 1965లో పాత కట్టడాలను కాపాడే నగర చట్టం పుట్టింది, 1967లో ఆ రక్షణ మా స్టేషనుకు దక్కింది. మరుసటి ఏడే వాస్తుశిల్పి మార్సెల్ బ్రూయర్ గీసిన 55 అంతస్తుల భవనాన్ని మా నెత్తిన కడతామన్నారు. నగరం కాదంది. యజమానులు కోర్టుకెక్కారు, 1975లో కింది కోర్టులో గెలిచారు కూడా. అప్పుడు జాక్వెలిన్ కెనెడీ ఒనాసిస్ లాంటివాళ్లు మా పక్షాన నిలిచారు. 1978 జూన్ 26న సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా నగరం మాటే నిలబెట్టింది. వాడుకోని గాలి హక్కును దగ్గర్లోని వేరే స్థలాలకు మళ్లించుకునే వీలుంది కదా అని కూడా గుర్తుచేసింది. అమెరికాలో ఎన్నో పాత కట్టడాలకు ఆ తీర్పు అండ అయింది.

1998 అక్టోబరు 1న స్టేషన్ని మళ్లీ కొత్తగా జనానికి అంకితం చేశారు. అప్పటికి పలకల మీద పేరుకున్న నలుపు కడిగేశారు. రైళ్ల మసి అని అందరూ అనుకున్నారు. పొగాకు తారూ నికోటినూ అని కూడా చెప్పుకున్నారు. ఎంత నల్లబడిందో తెలియాలని కర్కాటకం దగ్గర ఒక చిన్న ముక్కను కడగకుండా వదిలారు. దాన్ని వేలుపెట్టి చూపించుకుంటూ జనం ఫొటోలు తీసుకుంటారు. నన్ను బయటికి తీయడం మాత్రం తేలిక కాదు; ఆస్‌బెస్టాస్ పలకను కదిపితే దాని ధూళి ఊపిరితిత్తులకు ముప్పు.

నేను ఎక్కువగా తలుచుకునేది ఆ కడిగిన పనిని కాదు, అంతకుముందు జరిగినదాన్ని. 1980ల్లో బాగుచేత మొదలైనప్పుడు అందరికన్నా ముందు పైకెక్కినవాళ్లు కారే కప్పును, పై కిటికీలను సరిచేశారు. బొమ్మల జోలికి తర్వాతే వచ్చారు. అది సరైన వరస. 1930ల్లో నా కప్పుకు అలాంటి పనివాళ్లను పంపి ఉంటే, ఈ రోజు మీరు చూసేది నన్నే.