ఒక్కసారే చదవగల కథ

నా ఆత్మకథ ఎవరైనా ఒక్కసారే చదవగలరు. చదవడమంటే నన్ను వేడి నైట్రోజన్‌లో కాల్చడం. దాదాపు 300 డిగ్రీల దగ్గర నాలో దాచుకున్నదంతా వెలుతురై బయటికొచ్చేస్తుంది. తర్వాత నా బుర్ర ఖాళీ. మళ్లీ కొత్తగా ఎవరి ఛాతీకో వేలాడాలి. కాబట్టి మా మేడమ్ చొక్కాకు నన్ను తగిలించిన రోజు నుంచి ఇవాళ ఈ బల్ల మీదికి చేరేదాకా జరిగినదే నాకున్న జన్మంతా.

నన్ను టీఎల్‌డీ బ్యాడ్జీ అంటారు. అల్యూమినియం రేకుకు బిగించిన మూడు తెల్ల బిళ్లలు, పైన ప్లాస్టిక్ డబ్బీ, అంతే నేను. బిళ్లల్లో ఉన్నది కాల్షియం సల్ఫేటు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో వినాయకుణ్ణి చేస్తారే, ఆ వంశమే. పిసరంత డిస్ప్రోసియం కలిసేసరికి మా శాఖకు జ్ఞాపకశక్తి అబ్బింది. గామా కిరణం తగిలితే నాలోని ఎలక్ట్రాన్లు చెదిరి గుంటల్లో పడతాయి. వేడి తగిలితే లేచొస్తూ వెలుగునిస్తాయి. వెలుగెంతో మోతాదు అంత. ఒక బిళ్ల ముందు లోహపు రేకు, ఒకదాని ముందు ప్లాస్టిక్, మూడోదాని ముందు ఏమీ ఉండదు. మూడింటినీ పోల్చి, వచ్చింది గామానా బీటానా అని తేలుస్తారు.

మేడమ్‌ది వైజాగ్. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక ముంబైలో అణు పరిశోధన కేంద్రం బార్క్ ట్రైనింగ్ స్కూల్లో ఏడాది చదివింది. 1957 నుంచీ నడుస్తున్న బడి అది. ఇప్పుడు ఒక అణు విద్యుత్ కేంద్రంలో హెల్త్ ఫిజిసిస్టు. ఏ కేంద్రమో చెప్పను, భారజలంతో నడిచే 220 మెగావాట్లదని మాత్రం తెలుసుకోండి. ఇక్కడ ఎటు చూసినా ఇంజినీర్లే. ఫిజిక్సు వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

వాళ్లలో కొందరు రియాక్టర్ ఫిజిక్సు గదిలో కూర్చుంటారు. రియాక్టరుకు 306 గొట్టాలు, ఒక్కోదాంట్లో అరమీటరు పొడవున్న 12 ఇంధనపు కట్టలు. ఆ కట్టలు మన హైదరాబాదులోని ఎన్‌ఎఫ్‌సీ అనే అణు ఇంధన కర్మాగారం నుంచి వస్తాయి. రియాక్టరును ఆపకుండానే పాతవి తీసి కొత్తవి తోస్తారు. ఇవాళ ఏ గొట్టానికి మేత పెట్టాలన్నది వాళ్ల లెక్క. ఒక మూల మంట ఎక్కువ కాకూడదు, ఇంకో మూల తగ్గకూడదు. పెళ్లి పందిట్లో ఏ బంతికి ముందు వడ్డించాలో చూసుకునే పెద్దమనిషి పని లాంటిది.

మేడమ్ పని వేరు, ఏ నిమిషానికి బయటికి రమ్మనాలో చెప్పడం. ఈ మధ్య షట్‌డౌన్‌లో ఒక వాల్వు బాగుచెయ్యాల్సి వచ్చింది. పొడవాటి మీటరు చాచి ఆవిడ కొలిచింది: గంటకు 3 మిల్లీసీవర్టులు. పది నిమిషాలకు అర. పది నిమిషాలకొక మనిషి చొప్పున వెళ్లాలని పర్మిట్ మీద రాసింది. ఏడాదికి 30 దాటకూడదు, ఐదేళ్ల సగటు 20 మించకూడదు, అది చట్టం. మేడమ్ మాత్రం అంతదాకా ఎందుకు పోనివ్వాలంటుంది.

"మేడమ్, ఇంకొక్క బోల్టు. రెండు నిమిషాలు," అన్నాడు సూపర్‌వైజరు.

"ఆ బోల్టు రెండోవాడు బిగిస్తాడు. అతన్ని బయటికి పిలవండి."

సూపర్‌వైజరు మొహం మాడ్చుకున్నాడు. ఇంత చదువూ చదివింది గడియారం చూడ్డానికా అనుకుని ఉంటాడు. నేనైతే ఈ చదువు పనికొచ్చేది అక్కడే అంటాను.

నాకూ ఒక గుడ్డితనం ఉంది. భారజలంలో పుట్టే ట్రిటియం వదిలే బీటా ఎంత బలహీనమంటే, అది నా డబ్బీ కూడా దాటి రాలేదు. కానీ ట్రిటియం ఊపిరితో, చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. అందుకే లోపల పనిచేసిన వాళ్ల మూత్రం సీసాల్లో పట్టి పరీక్ష చేస్తారు. కొత్తగా చేరిన శ్రీకాకుళం కుర్రాడికి అది మింగుడు పడలేదు.

"క్వాంటమ్ మెకానిక్స్ చదివి చివరికి ఈ సీసాలా మేడమ్?"

"సీసాలో ఉన్నది అదే కదా బాబూ. బీటా డికే ఏ పేపర్లో రాశావ్?"

కుర్రాడు నవ్వి లేబుళ్లు అంటించడం మొదలుపెట్టాడు.

ఈసారి ఒక చిక్కొచ్చింది. వాల్వు దగ్గరికెళ్లిన ఫిట్టరు బ్యాడ్జీలోని కార్డు అందరికంటే చాలా ఎక్కువ చూపించింది. అతని జేబులోని పెన్ డోసిమీటరు మాత్రం అర కూడా చూపించలేదు. తోటివాళ్ల కార్డులూ మామూలే. దెబ్బ తిన్నది మనిషా, కార్డు ఒక్కటేనా? మేడమ్ అతన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఆ రోజు నిమిషం నిమిషం అడిగింది. చివరికి బయటపడింది. చెమట పట్టిందని చొక్కా మార్చుకుని, బ్యాడ్జీని పైపు దగ్గర మర్చిపోయి, మర్నాడు తెచ్చుకున్నాడట.

"చెబితే పనిలోంచి తీసేస్తారని భయపడ్డాను మేడమ్."

ఆవిడ తిట్టలేదు. అతని మాట నిజమో కాదో లెక్కలోనూ తేలాలిగా, మూడు బిళ్లల అంకెలూ మళ్లీ ముందేసుకుంది.

వరసలో తర్వాతి కార్డు నాది. కుర్రాడు డబ్బీ విప్పి, పేరు రాసిన కాగితం ఒలిచాడు.

"మేడమ్, ఇది మీదే."

"పెట్టెయ్," అంది మేడమ్, ఫిట్టరు అంకెల మీంచి తలెత్తకుండా.