ఓడలూరిలో ఒక్క తెప్ప లేదు

మా రోజుల్లో విశాఖపట్నంలో ఓడ చూడాలంటే టిక్కెట్టు కొనక్కర్లేదు. కోటవీధి దాటి రాస్‌హిల్ ఎక్కితే చాలు. కొండమీద మేరీమాత చర్చి, కింద హార్బరు కాలవ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్. ఓడ ఆ సందులోకి దూరుతుంటే మా గుండెల మీదుగా పోతున్నట్టుండేది. పొగగొట్టం మీద రంగు చూసి అది ఏ కంపెనీ ఓడో, ఏ దేశానిదో చెప్పే కుర్రాళ్ళు మా వీధిలో నలుగురుండేవారు. వాళ్ళలో ఇద్దరికి పన్నెండో ఎక్కం రాదు. అయినా గ్రీకు జెండాకీ నార్వే జెండాకీ తేడా అడిగితే నిద్దట్లో లేపినా చెప్పేవారు.

ఇప్పటి పిల్లలకి ఓడ అంటే బీచి రోడ్డు మీద ఇసకలో కూర్చున్న కురుసుర. తప్పు వాళ్ళది కాదు. రేవు కొండల వెనక్కీ గేట్ల వెనక్కీ పోయింది, ఎటు చూసినా గోడలే. అందుకని మొన్న మా మనవణ్ణి తీసుకుని నేనూ ఆ జలాంతర్గామిలో దూరాను.

దూరడమంటే నిజంగా దూరడమే. మామూలుగా నావికులు పైనుంచి నిట్టనిలువు నిచ్చెన దిగి లోపలికి పోతారు. మనలాంటి బొజ్జల వాళ్ళకోసం పక్క కోసి మెట్లు పెట్టారు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి తల ముందో కాలు ముందో తేల్చుకోవాలి. నేను కాలు ముందు పెట్టాను, నడుం పట్టేసింది. "తాతా, తల వంచు" అంటాడు మనవడు. వంచాను కదరా, వంగనిది నడుం!

మొత్తం పొడుగు 91 మీటర్లు. అందులో డెబ్బైమందికి పైగా మనుషులు, 22 టార్పెడోలు, మూడు డీజిలు ఇంజన్లు, ఇంకా బ్యాటరీలు. ముందువైపు ఆరు టార్పెడో గొట్టాలు, వెనకవైపు నాలుగు. మనిషికి మిగిలింది ఒక అరమాత్రం పడక. మంచినీళ్ళు పొదుపు గనక స్నానం మాట ఎత్తకూడదు. ఎటు చూసినా ఇత్తడి చక్రాలు, పైపులు, ముళ్ళ గడియారాలు, వాటిమీద రష్యన్ అక్షరాలు. 1969 డిసెంబరులో అప్పటి సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి దాకా పనిచేసింది. ఆ మరుసటేడు ఆగస్టులో మ్యూజియం అయింది. ఇంతకాలం ఇందులో బతికినవాళ్ళకి దండం పెట్టాలనిపించింది. మా ముందు నడుస్తున్న జంట మాత్రం వంటగది దగ్గర ఆగి, గరిటె పట్టుకున్న బొమ్మ నావికుడి భుజమ్మీద చెయ్యేసి ఫొటోలు దిగారు. ఒకటి కాదు. వెనక వరస ఆగిపోయింది. ఆ ఇనప గొట్టంలో ఉక్కపోతకి నా చొక్కా తడిసింది గానీ వాళ్ళ ఫొటో కుదరలేదు.

అంతలో ఒక తండ్రి కొడుకుతో, "ఇదేరా, ఘాజీని ముంచేసింది ఇదే" అన్నాడు. అక్కడ గైడు పదవీ విరమణ చేసిన నావికుడు. పాపం మర్యాదగా, "కాదు సార్, ఆ యుద్ధంలో ఇది అరేబియా సముద్రం వైపు ఉంది" అన్నాడు. ఆ తండ్రి తగ్గలేదు. "సినిమాలో చూశాం కదండీ!" అన్నాడు. గైడు ఇలాంటివి రోజుకెన్ని వింటాడో, నవ్వి ఊరుకున్నాడు. నాకే ఊరుకోవడం చేతకాలేదు.

నాయనా, ఆ రాత్రి నేను ఇక్కడే ఉన్నాను. 1971 డిసెంబరు 3, యుద్ధం మొదలైన రోజు. ఊళ్ళో దీపాలార్పించారు. అర్ధరాత్రి దాటాక సముద్రంవైపు నుంచి ఢామ్మని పేలుడు, మా కిటికీ అద్దాలు గడగడలాడాయి. మా అమ్మ మమ్మల్ని మంచం కింద తోసింది. తర్వాత జాలారివాళ్ళు నీళ్ళమీద చమురు తెట్టూ, చెత్తా తేలుతోందని కబురు తెచ్చారు. అదే ఘాజీ, పాకిస్తాన్ జలాంతర్గామి. రాజ్‌పుత్ అనే మన ఓడ విసిరిన డెప్త్ ఛార్జీలకి మునిగిందని మన నౌకాదళం అంటుంది. లోపలే పేలిందని పాకిస్తాన్ అంటుంది. ఏమైతేనేం, తొంభైమందికి పైగా అందులోనే ఉండిపోయారు. ఇప్పటికీ అది అక్కడే, మన రేవుకి ఎంతో దూరం లేదు. ఇదంతా చెబుతుంటే ఆ పిల్లాడు నోరు తెరుచుకుని విన్నాడు. తండ్రి ఫోను చూసుకుంటున్నాడు.

ఆ గైడుల గురించి ఒక్క మంచిమాట. మా రోజుల్లో జలాంతర్గామి దగ్గరికి ఎవర్నీ పోనిచ్చేవారు కాదు, దూరం నుంచి నల్లటి వీపు కనపడితే అదే గొప్ప. అలాంటిదాంట్లోకి రానిచ్చి, అందులో బతికినవాడి చేతే చెప్పిస్తున్నారు. ఇది ఇప్పటివాళ్ళ అదృష్టం. వింటేగా!

అసలు నా ఏడుపు ఇది కాదు. బీచి రోడ్డు పొడుగునా చూడండి. జలాంతర్గామి, ఎదురుగా నౌకాదళం వాడిన టీయూ-142 నిఘా విమానం, కాస్త అవతల యుద్ధ స్మారకం. విశాఖ మ్యూజియంలోకి పోతే 1942 ఏప్రిల్ 6న జపాను వాళ్ళు వేసిన పేలని బాంబు. ఆ రోజు మా నాయనమ్మ చంకలో పిల్లనీ నెత్తిన మూటనీ పెట్టుకుని ఊరొదిలి నడిచిందట. ఆ బాంబు దాచాలి, కాదన్ను. కానీ సముద్రమంటే యుద్ధమేనా? ఈ ఊరికి అన్నం పెట్టింది తుపాకులా?

హార్బరు రాకముందు ఓడలు నడిసముద్రంలోనే లంగరు వేసేవి. సరుకైనా మనిషైనా పడవలోనే ఒడ్డుకి రావాలి. ఆ పడవలకి మేకు ఉండేది కాదు. పలకలకి కంతలు పొడిచి కొబ్బరితాడుతో కుట్టేవారు, బట్ట కుట్టినట్టు. మేకు కొట్టిన పడవని కెరటం ఇసకమీద విసిరితే పగిలి ఊరుకుంటుంది. కుట్టిన పడవ ఒళ్ళు వంచి తట్టుకుంటుంది. మా తాత తమ్ముడు అలాంటి పడవెక్కి స్టీమరు దాకా పోయి, అక్కణ్ణించి బర్మాలోని రంగం వెళ్ళిపోయాడు. కూలికి వెళ్ళినవాడు, తిరిగి రాలేదు. ఉత్తరాంధ్రలో రంగం వెళ్ళినవాడు లేని ఇల్లు అరుదు. వాళ్ళు ఎక్కిన స్టీమరు బొమ్మ గానీ, వాళ్ళ చేతిలోని రేకుపెట్టె గానీ నా కంటికి ఏ గదిలోనూ కనపడలేదు.

1933 అక్టోబరులో కొత్త హార్బరులోకి మొదటి ఓడ, జలదుర్గ, వచ్చింది. ఆ పడవల పని అక్కడితో సరి. తర్వాత సింధియా వాళ్ళ షిప్‌యార్డు వచ్చింది. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి జల ఉషని నీళ్ళలోకి దింపారు, స్వతంత్ర భారతంలో తయారై నీళ్ళలో దిగిన మొదటి పెద్ద ఓడ. మా నాన్న ఆ జనంలో ఉన్నాడు. నెహ్రూ కనపళ్ళేదట, ఓడ జారడం మాత్రం కనపడిందట. "ఇనప కొండ కదిలిందిరా" అనేవాడు, చనిపోయే ముందు కూడా. ఆ కొండకి రివెట్లు కొట్టినవాళ్ళు మన అనకాపల్లి, గాజువాక, శ్రీకాకుళం మనుషులు. వాళ్ళ సుత్తి ఒక్కటి అద్దాల పెట్టెలో పెట్టకూడదా?

ఇక తెప్ప. మా చిన్నప్పుడు బీచిలో ఎటు చూసినా తెప్పలే. వేట నుంచి రాగానే తాళ్ళు విప్పి, దుంగలు విడదీసి, ఇద్దరిద్దరు మోసుకొచ్చి ఇసకమీద ఆరబెట్టేవారు. నీళ్ళు పీల్చిన దుంగ మర్నాటికి తేలిగ్గా తేలదు మరి. తెల్లారగట్ల మళ్ళీ కట్టేవారు, ఆ ముడి చూడ్డానికి నేను ట్యూషను ఎగ్గొట్టేవాణ్ణి. ఇప్పుడంతా ఫైబరు, వెనక మోటారు. వాళ్ళకి సుఖమే, నాకేం అభ్యంతరం? కానీ మనవడు "తెప్ప అంటే ఏంటి తాతా?" అని అడిగితే చూపించడానికి బీచి రోడ్డులో ఒక్కటీ లేదు.

మ్యూజియాలు కట్టే పెద్దలకి చిన్న విన్నపం. కురుసుర పక్కన ఒక్క తెప్ప పెట్టించండి. ఏసీ అక్కర్లేదు, అద్దాలు అక్కర్లేదు. నాలుగు దుంగలు, రెండు తాళ్ళు, పైన కాస్త తాటాకు నీడ. జాలారిపేటలో కట్టడం తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, అందరూ డెబ్బై దాటినవాళ్ళే. కూలిచ్చి వాళ్ళచేతే కట్టించండి, ఈ ఏడే.