గోడలకు కరెంటు

అక్టోబరు వచ్చినది, హైదరాబాదు నగరమునకు గులాబి జ్వరము తగిలినది. పొద్దు గూకినది మొదలు వంతెనలు, గాజుమేడలు, కార్పొరేటు ఆసుపత్రుల ముఖద్వారములు ఒకే వన్నెలో మునిగి, రొమ్ము క్యాన్సరును గూర్చి మనకు అవగాహన కలిగించుచున్నవట. గోడ రంగు మారినంత మాత్రమున చూచువానికి కలుగు జ్ఞానమెట్టిదో నాకింతవరకు బోధపడలేదు. గులాబి యనగానే మన రాష్ట్రమున జనులకు మొదట స్ఫురించునది ఒక రాజకీయపక్షము గాని, ఆ తగవులో తలదూర్చుట నాకిష్టము లేదు.

దీపములతో సరిపెట్టుకొనియున్నచో సహించియుందును. మొన్నటి ఆదివారము తెల్లవారుజామున, చిరకాలపు అలవాటు చొప్పున తార్నాకలోని యింటి నుండి బయలుదేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లనీడన నాలుగడుగులు వేయుదమని పోగా, ఆర్ట్సు కళాశాల యెదుటి వీథి యంతయు గులాబి టీషర్టులతో నిండియున్నది. డీజే మ్రోగుచున్నది. ఒక యబ్బాయి నన్నాపి, "అంకుల్, రిజిస్ట్రేషన్ అయిందా?" అని యడిగెను. నడచుటకు రిజిస్ట్రేషన్ ఎందుకు నాయనా యనగా, ఐదువందలు కట్టినచో టీషర్టు, అరటిపండు, మెడల్, సర్టిఫికెట్టు వచ్చునని వివరించెను. నేను కట్టలేదు. అయినను విడువక, నా చొక్కాకు గులాబి పట్టీ నొకదానిని పిన్నీసుతో గుచ్చి, నా యరచేతిని రంగుగిన్నెలో ముంచి, బ్యానరుమీద అద్దించి, "థాంక్యూ అంకుల్, ఇప్పుడు మీరు కూడా ఈ పోరాటంలో ఉన్నారు" అని వెన్ను తట్టెను. ఆ రంగు మంగళవారము వరకును వదలలేదు; అన్నము కలుపుకొన్నప్పుడెల్ల నా పోరాటము నాకు జ్ఞప్తికి వచ్చుచుండెను. మా వెనుకనున్న ఆర్ట్సు కళాశాల పుట్టుకతోనే గులాబి ఛాయగల రాతికట్టడము. 1939 నుండి అట్లే నిలిచియున్నది, ఎవ్వరి యవగాహనను పెంచినట్లు దాఖలా లేదు.

ఈ పట్టీ చరిత్రము కొంత చెప్పక తప్పదు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమను పండుగ 1985లో పుట్టినది. దానిని పుట్టించినవారిలో ఐసీఐ యను కంపెనీ మందుల విభాగమొకటి. టామోక్సిఫెన్ అను రొమ్ము క్యాన్సరు మందును అమ్మునది ఆ కంపెనీయే యగుట కేవలము కాకతాళీయమని నమ్ముటకు నేను సిద్ధముగానే యున్నాను, చదువరులు నవ్వకున్నచో.

పట్టీ మాత్రము కంపెనీది కాదు. కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ యను నొక పెద్దావిడ, తన యింట ముగ్గురు స్త్రీలను ఈ రోగము పట్టుట చూచినది, భోజనాల గదిలో కూర్చుండి పట్టీలు చుట్టెడిది. వాని రంగు గులాబి కాదు. పీచ్ పండు రంగు, నారింజకును గులాబికిని నడిమి వన్నె. వానికి తోడుగా నొక కార్డు. ఆ కార్డుమీద నీతివాక్యము లేదు, లెక్క కలదు: జాతీయ క్యాన్సర్ సంస్థకు ఏటి బడ్జెట్టు 180 కోట్ల డాలర్లనియు, అందు నివారణకు దక్కునది 5 శాతమేననియు. అనగా ఆ ముసలమ్మ అడిగినది డబ్బెక్కడకు పోవుచున్నదని. 1992లో ఒక స్త్రీల పత్రికవారును, ఎస్టే లాడర్ అను పౌడర్ల కంపెనీవారును ఆ పట్టీని తమకిమ్మని యడుగగా, మీది వ్యాపారము, ఇవ్వనని యామె త్రోసిపుచ్చినది. లాయర్లను విచారింపగా, రంగు మార్చినచో చాలునని వారు సెలవిచ్చిరి. రంగు మారినది, కార్డు ఊడిపోయినది, లెక్క అడుగు పట్టీ పోయి, నా చొక్కాకు గుచ్చిన పట్టీ వచ్చినది.

అట్లు వచ్చినది వచ్చినట్లు నిలువక, అది బిస్కెట్టు పొట్లముల మీదికి, చెవిదుద్దులకు, చున్నీలకు, మిఠాయి దుకాణములోని బర్ఫీకిని ప్రాకినది. చక్కెరవ్యాధిగ్రస్తుడనైన నాకు మా వీథి దుకాణదారుడు గులాబి బర్ఫీ నొకదానిని ఉచితముగా చేతబెట్టి, "అవగాహన సార్" అనినాడు. ఒక వ్యాధిని గూర్చి జాగ్రత్త చెప్పుటకు మరియొక వ్యాధిని పెంచుట యే శాస్త్రమున నున్నదో తెలియదు.

పట్టీ విషయము ఎక్కువైనది, ఎరుగుదును. ఏమి చేయుదును, అరచేతి రంగు నాది.

ఆ ఆదివారపు నడకలో వేదికమీది వక్తలందరు పలికిన దొకటే మాట: మన స్త్రీలు అవగాహన లేక ఆలస్యముగా వచ్చుచున్నారు. విని, చెవులు మూసుకొని, తార్నాక చౌరస్తాకు వచ్చి చాయ్ త్రాగుచుండగా, నాకు పరిచయమున్న పార్ట్ టైం లెక్చరరొకడు కనబడినాడు. క్యాంపసులోనే పీహెచ్‌డీ చేసినవాడు. ఒక ప్రైవేటు కళాశాలలో పాఠము చెప్పి నెలకు 17,000 తెచ్చుకొనువాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానులు, బయాప్సీ రిపోర్టు, జిరాక్సులు. రోగము భార్యది. తార్నాకలో మనిషికి వర్ణము కులమును బట్టి యేర్పడునని తలచువారు కార్డుల సంగతి యెరుగరు. ఆర్టీసీవారికి ఇక్కడనే వారి ఆసుపత్రి కలదు. రైల్వేవారికి లాలాగూడలో కలదు. రాష్ట్రోద్యోగికి ఈహెచ్ఎస్, కేంద్రోద్యోగికి సీజీహెచ్ఎస్, తెల్ల రేషన్‌కార్డువానికి ఆరోగ్యశ్రీ. ఆ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచిరి, సంతోషము. తెల్లకార్డుకు నగరమున సాలుసరి ఆదాయపరిమితి 2 లక్షలు. మావాని ఆదాయము లెక్కగట్టగా 2,04,000. నాలుగువేల రూపాయల ధనవంతుడు! ఆ నాలుగువేలకు శిక్షగా ఆసుపత్రివారు ఆరు లక్షలకు ఎస్టిమేటు వేసి యిచ్చినారు.

"గోల్డ్ లోన్ పెట్టిన సార్. మిగిలినదానికి చందాలకని ఫోన్‌లో వీడియో పెట్టుమంటున్నరు, ఏడ్చినట్టు ఉండాల్నట." పాఠము చెప్పువాడు, నలుగురి యెదుట ఏడ్చుటకు కూడ మంచి వెలుతురు చూచుకొనవలె.

భార్య గడ్డను ఎప్పుడు కనుగొన్నదని యడిగితిని. ఫిబ్రవరిలో, స్నానము చేయుచుండగా చేతికి తగిలినదట. భర్తకు చెప్పినది ఆగస్టులో. నడుమ ఆరునెలలు ఎందుకు? కూతురి ఇంటర్ ఫీజు కట్టవలసియుండెనట. ఎదురింటి యామెకు ఇదే వచ్చి ఊరిలోని యెకరము అమ్ముడుపోయినది ఆమె చూచియున్నదట.

ఇక నాకు వ్యంగ్యము చేతకాదు. ఆమెకు అవగాహన లేదని యెవడు చెప్పినాడు? రోగమును గూర్చి వేదికమీది వక్తకు తెలిసినంతయు ఆమెకు తెలియును. అతనికి తెలియనిది కూడ తెలియును, ధర తెలియును. తెలిసియే నోరు మూసుకొన్నది. ఆమె ఆరునెలల మౌనమును అజ్ఞానమని పేరుపెట్టి, ఆ అజ్ఞానమును తొలగింప నడక నడచి, అరటిపండు తిని యింటికి పోవువారిని చూచిన నాకు కడుపు మండుచున్నది. ఆ వక్తలలో ఒక్కడైనను ఎస్టిమేటు అను మాటను పలుకలేదు.

ఇక తెల్లకార్డున్నవారి సంగతి. మన పల్లెలలో రేడియేషన్‌ను 'కరెంటు పెట్టుట' యందురు. 'ఇరవై ఐదు కరెంట్లు రాసిండ్రు' అని చెప్పుకొందురు. వారమునకైదు చొప్పున ఇరువదియైదు కరెంట్లనగా అయిదు వారములు. 1955లో రెడ్‌హిల్సున వెలసి, మెహదీ నవాజ్ జంగ్ పేర పిలువబడు సర్కారు క్యాన్సర్ ఆసుపత్రికి ఆదిలాబాదు నుండియు, పొరుగు రాష్ట్రముల నుండియు జనులు వత్తురు. కార్డుమీద కరెంటు ఉచితమే. గది అద్దె, రెండుపూటల అన్నము, మగనిది ఆలిది రెండు కూలీల నష్టము, ఊరిలో మేపువాడు లేక అమ్మివేసిన మేకలు, వీనికి ప్యాకేజీ లేదు. బస్సులో ఆలికి ఉచితపు జీరో టికెట్టు, తోడు వచ్చిన భర్తకు పూర్తి ఛార్జీ. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలనే కొన్ని దినములు నిలిపివేసినవి. వెంటనే అక్టోబరు వచ్చినది. మనుషులకు పెట్టవలసిన కరెంటును తెచ్చి గోడలకు పెట్టినారు.

ఢిల్లీవారి దయను మరువరాదు. 2024 జూలై బడ్జెట్టులో మూడు క్యాన్సర్ మందులకు కస్టమ్సు సుంకము తీసివేసిరి; 2025 సెప్టెంబరు 22 నుండి 33 ప్రాణరక్షక ఔషధములపై 12 శాతము జీఎస్టీ సున్నకు దిగినది. లక్షా పన్నెండువేల మందు లక్షకు వచ్చినదన్నమాట. ఆ లక్ష యెవ్వరు తెత్తురు?

ధర నిజముగా దించవలెనన్న దారి యెవరికిని తెలియనిది కాదు. ఒకసారి మన యూరివాడే దించి చూపినాడు. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడు సొరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెలకు 2,80,000 రూపాయలకు అమ్ముచుండగా, 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ తప్పనిసరి లైసెన్సు నీయగా, హైదరాబాదుకు చెందిన నాట్కో దానిని 8,800కు ఇచ్చెను. పేటెంటు చట్టములోని సెక్షను 84 చాలినది, దీపములక్కరలేదు. ఆ సెక్షను నేటికిని పుస్తకములో నున్నది. అట్టి లైసెన్సు మరల నొక్కటియు రాలేదు. తార్నాక మెట్రో స్టేషనుకు కూతవేటు దూరముననున్న ఐఐసీటీ యను రసాయన పరిశోధనశాల, 1970 నాటి పేటెంటు చట్టమిచ్చిన వెసులుబాటుతో, విదేశములందు ధర మండు మందులను చౌకగా చేయు మార్గములు కనిపెట్టి మన కంపెనీల చేత పెట్టినది. భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో తన బృందముతో వెలికితెచ్చిన మెథోట్రెక్సేట్ అను క్యాన్సర్ మందు నేటికిని చౌకయే. క్యాంపసు క్వార్టర్ల గోడ వార, నీరు పోయువాడు లేకున్నను పూయు బిళ్ళగన్నేరు నుండియే విన్‌క్రిస్టీన్ అను మరియొక క్యాన్సర్ మందు వచ్చును. ఆ పువ్వు రంగు కూడ గులాబియే, దానికెవ్వరును డీజే పెట్టలేదు.

చాయ్ ముగించి, తొమ్మిదింటికి మరల క్యాంపసు మీదుగా వచ్చితిని. టీషర్టులు పోయినవి, ఖాళీ సీసాలు, అరటితొక్కలు, త్రొక్కుడు పడిన పట్టీలు మిగిలినవి. ఊడ్చు ఆమె యొకతె మెట్లమీద కూర్చుండి, పట్టీలను ఒక్కొక్కటిగా తీసి, పిన్నీసు నూడదీసి పట్టీని సంచిలో పడవేయుచు, పిన్నీసులను తన పుస్తెలతాడుకు వరుసగా తగిలించుకొనుచున్నది.

"స్టీలువి సార్, మంచిగున్నయ్" అనినది.

నా చొక్కాకున్నదానిని కూడ తీసి యామె చేతిలో పెట్టితిని. ఆమె పిన్నీసు తీసికొని, పట్టీని నాకు తిరిగి యిచ్చినది.