రాత్రికి రాత్రే రాక్షసుడు: తొందర పనివారికి సలహాలు

నిదానమే ప్రధానం అన్న పెద్దమనిషి ఎవరో గానీ, జన్మలో ఒక్క డ్రాగన్ బొమ్మకైనా రంగు వేసి ఉండడు. వేసి ఉంటే తెలిసేది. జిగురు పట్టాలి, పుట్టీ గట్టిపడాలి, ప్రైమర్ ఆరాలి, రంగు ఆరాలి, దాని మీద వాష్ ఆరాలి, చివరికి వార్నిష్ కూడా ఆరాలి. చేతులకు పని ఉండేది కాసేపు, చేతులు కట్టుకుని కూర్చునేది రోజంతా. అంత ఓపికే ఉంటే బొమ్మలెందుకు, ఏకంగా తపస్సే చేసుకోవచ్చు.

సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. టేబుల్ మీద బొమ్మల సైన్యాలు మోహరించి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి ఆడే యుద్ధాల ఆటలున్నాయి. వాటిలో పేరుమోసింది వార్‌హామర్. 1983లో ఇంగ్లండ్‌లో మొదలైంది. దాన్ని తయారుచేసేవారి మకాం నాటింగ్‌హామ్. ఈ ఆటల్లో మనిషి బొమ్మ సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది. ఆ లెక్కన డ్రాగన్లు, మాంటికోర్‌లు అరచేతిలో పట్టవు. బొమ్మలు ముక్కలుగా వస్తాయి, అతికించి రంగులు వేసుకునే బాధ్యత మనదే. బుద్ధిమంతులు పెట్టె మీది ఫొటో చూసి అచ్చం అలాగే చేస్తారు. కాస్త తిక్క ఉన్నవారు దీని తల కోసి దానికి, దాని రెక్క పీకి దీనికి పెట్టి, లోకంలో ఎక్కడా లేని జంతువును పుట్టిస్తారు. దాన్ని కన్వర్షన్ అంటారు. ఈ బొమ్మల రంగుల పనికి 1987 నుంచి గోల్డెన్ డీమన్ అనే పోటీ కూడా ఉంది. అక్కడికి వెళ్లేవారు ఒక్క బొమ్మ మీదే నెలల తరబడి కూర్చుంటారు. వారి దారి వారిది.

మన దారి వేరు. రేపు పొద్దున ఆట. ఇవాళ శుక్రవారం. చేయాల్సింది ఒక కైమెరా: సింహం తల ఒకటి, మేక తల ఒకటి, డ్రాగన్ తల ఒకటి, వీపు మీద రెక్కలు. కింద చెప్పినట్టు చేస్తే తెల్లారేసరికి ఏదో ఒకటి తప్పకుండా తయారవుతుంది.

రాత్రి 9 గంటలు: ఆలోచనలు పెట్టుకోవద్దు

చాదస్తులు ముందు కాగితం మీద బొమ్మ గీస్తారు. తలలను బ్లూటాక్‌తో నిలబెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తారు. మూడు మెడలు ఒకే భుజం మీదికి ఎలా దిగుతాయి, అంత బరువు మోయాలంటే ముందుకాళ్లు ఎంత ఎడంగా ఉండాలి అని నిజం సింహాల ఫొటోలు ముందేసుకుంటారు. రాక్షసుడికి ఎముకల లెక్కేమిటి?

మనకు ఆదర్శం గ్యారీ గైగాక్స్. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను సృష్టించిన ఇద్దరిలో ఒకడు. ఆయనకు ఎక్కడో హాంకాంగ్ తయారీ చవక ప్లాస్టిక్ బొమ్మల పొట్లం ఒకటి దొరికింది. పేరుకు డైనోసార్లే గానీ, అందులో ఉన్నవి ఏ జంతువుకూ పోలిక లేనివి. వాటికి పేర్లు పెట్టి ఆటలోకి వదిలాడు. గుడ్లగూబ మొహం, ఎలుగుబంటి ఒళ్లు ఉన్న ఔల్‌బేర్, కవచాన్ని మీసంతో తాకి తుప్పు పట్టించి తినేసే రస్ట్ మాన్‌స్టర్ అలా పుట్టినవే. దీన్నిబట్టి మనం నేర్చుకోవాల్సింది ఒకటే: చవక బొమ్మ కొంటే చాలు. ఆ మీసం దేనికి, ఆ నోరు ఏం తింటుంది అని గైగాక్స్ తల బద్దలు కొట్టుకున్న భాగాన్ని మనం వదిలేద్దాం.

9:30: కోయండి, కడగకండి

పదునైన కొత్త బ్లేడు జారదు, కాబట్టి అందులో థ్రిల్లు లేదు. మొండి బ్లేడు తీసుకుని బలం కొద్దీ నొక్కండి. మెడ తెగకపోయినా ఏదో ఒకటి తెగుతుంది.

అచ్చు రెండు సగాలు కలిసే చోట ప్రతి బొమ్మకూ సన్నటి గీత ఒకటి ఉబ్బి ఉంటుంది. దాన్ని బ్లేడు వెనకవైపుతో మెల్లగా గీకేయాలంటారు. వదిలేయండి. కంటికి ఆనదులే అనిపిస్తుంది. రంగుపడ్డాక చూడండి, సింహం నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా కుట్టు వేసినట్టు తేలుతుంది. పాత యుద్ధగాయం అని చెప్పుకోవచ్చు.

రెక్కలు రెజిన్‌వి. రెజిన్ ముక్క అచ్చులోంచి సులువుగా ఊడిరావాలని లోపల జారుడు పూత పూస్తారు. అది ముక్కకు అంటుకునే బయటికొస్తుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టాలట. ఆరబెట్టడం అనే మాట వినబడిందంటే ఆ సలహా మనది కాదని గుర్తు. కడగని రెక్కల మీది రంగు మీ వేళ్లకు అంటుకుని పొరలు పొరలుగా లేచొస్తుంది. కుబుసం విడుస్తోందనండి.

ఒక్క విషయంలో మాత్రం నేను పాతకాలం మనిషిని. రెజిన్ గరుకుకాగితంతో రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు చేటు. మాస్కు పెట్టుకోండి, తడిపి రుద్దండి. ఇంకో బొమ్మ పాడుచేయడానికైనా మీరుండాలి కదా.

10:15: అన్ని రోగాలకూ ఒకటే మందు

ప్లాస్టిక్ సిమెంట్ అనేది ఉంది. అది అంటించదు, రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. పాలీస్టైరిన్ ప్లాస్టిక్ మీదే దాని ప్రతాపం. రెజిన్ మీద, లోహం మీద అది వట్టి తడి. వాటికి సూపర్ గ్లూ కావాలి. ఇంత తేడా ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఇంట్లో ఉన్న ఫెవిక్విక్ ట్యూబు మొత్తం పిండేయండి. సన్నటి చుక్క అయితే క్షణాల్లో పట్టుకునేది, మడుగు కట్టేసరికి ఎంతకీ పట్టుకోదు. ఈలోపు మీ చూపుడువేలు, మేక గడ్డం ఒకటైపోతాయి.

బరువైన రెక్కకు చేతిడ్రిల్లుతో అటూ ఇటూ చిల్లు పెట్టి, మధ్యలో ఇత్తడి తీగ గానీ పేపర్ క్లిప్పు ముక్క గానీ దూర్చి అతికించాలని అనుభవజ్ఞులు చెబుతారు. సూపర్ గ్లూ లాగితే ఊడదు గానీ, ఒక్క దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. అందుకే ఆ తీగ. మనం రెక్కను గోడకు ఆనించి పెట్టి దేవుడి మీద భారం వేద్దాం.

11 గంటలు: పుట్టీ అంటే వేలిముద్ర

మూడు మెడలు కలిసిన చోట కాలువంత సందు వచ్చింది కదా. గ్రీన్ స్టఫ్ అనే పుట్టీతో దాన్ని పూడ్చి, పైన సింహం జూలు చెక్కాలి. అది పసుపు, నీలం పట్టీలుగా వస్తుంది. రెండూ సమంగా తీసుకుని, చారలు మాయమై ఒకే పచ్చరంగు వచ్చేదాకా పిసకాలి. పట్టీలు రెండూ తాకే అంచు ముందుగానే గట్టిపడి ఉంటుంది. ఎరిగినవాళ్లు ఆ సన్నటి పీలికను కోసి పారేశాకే పిసుకుతారు. మీరు పారేయకండి, డబ్బు పోసి కొన్నది. సగం చెక్కిన జూలులో పలుకులు తగిలి పనిముట్టు ఎగిరిపడితేనే కళాకారుడి బాధ ఏమిటో తెలుస్తుంది.

పనిముట్టును నీళ్లలో ముంచుతూ ఉండాలని, లేకపోతే పుట్టీ దానికే అంటుకుని వస్తుందని అంటారు. పిసికాక గంట పైచిలుకు చెక్కడానికి లొంగుతుందట, పూర్తిగా గట్టిపడటానికి ఒక రాత్రి పడుతుందట. మన దగ్గర ఉన్నది ఒకటే రాత్రి, అది ఇప్పటికే సగమైంది. నీళ్ల పైపు కోసం తెచ్చిన ఎంసీల్ వంటింటి అలమరలో ఉంటుంది, తీసుకురండి. లోపలి సందు నింపడానికి అది నిజంగానే పనికొస్తుంది. వెంట్రుకల్లాంటి జూలు చెక్కడానికి మాత్రం మొరాయిస్తుంది. బొటనవేలితో అదిమేయండి. డ్రాగన్ మెడ మీద మీ వేలిముద్ర ఎంత స్పష్టంగా పడుతుందంటే ఆధార్‌కు కూడా సరిపోతుంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఈ విద్యలో ఉన్న వెసులుబాటే అది, కోతి అయినా రాక్షసుల పద్దులోనే పడుతుంది.

12:30: ప్రైమర్ వాన

నల్ల ప్రైమర్ స్ప్రే డబ్బాను బాగా ఊపి, బొమ్మకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఆపకుండా అటూ ఇటూ పలచగా కొట్టాలి. పొడిగా ఉన్న రోజు చూసుకోవాలి. జూలైలో విశాఖపట్నంలో డాబా మీద కొడితే గాలిలో తేమకు పూత గరగరలాడుతుంది. మేలో రామగుండం ఎండలో కొడితే తుంపరలు దారిలోనే ఆరిపోయి బొమ్మ మీద పొడిలా రాలతాయి. మరి పంచాంగం చూసి ముహూర్తం పెట్టించుకోవాలా? వాన పడుతున్నా బాల్కనీలోకి వెళ్లి, జానెడు కూడా ఎడం లేకుండా, కారేదాకా కొట్టండి. మీరు చెక్కిన జూలు, కంపెనీవారు చెక్కిన పొలుసులు, అన్నీ ఒకే నునుపులో కలిసిపోతాయి. పుట్టీ పని బాగా రాలేదన్న దిగులు ఆ దెబ్బతో తీరిపోతుంది.

1:30: డబ్బాలోంచి నేరుగా ఒంటి మీదికి

ఒక్క మందపాటి పూతకు బదులు రెండు పలచటి పూతలు వేయాలన్నది ఈ విద్యలో అందరూ వల్లించే మంత్రం. రంగు పాలంత పలచగా ఉండాలి, మొదటి పూతలో కింది నలుపు కనిపిస్తుంది, కంగారు పడకుండా ఆరనిచ్చి రెండోది వేయాలి. తడి ప్యాలెట్ అని ఒకటి పెట్టుకుంటారు: డబ్బాలో తడి స్పాంజి, పైన బేకింగ్ కాగితం, దాని మీద రంగు గంటలు గడిచినా ఎండదు. మనకు ఎండకపోవడం కాదు, త్వరగా ఎండటం కావాలి. అందుకే డబ్బాలో ముంచిన కుంచెను నేరుగా బొమ్మ మీద పెట్టండి. కుంచె గీతలు పొలంలో చాళ్లలా నిలబడతాయి.

ఆ తర్వాత వాష్. బాగా పలచటి ముదురు రంగు ఇది, పల్లాల్లోకి దిగి నీడలు తెస్తుంది. బొమ్మను అందులో స్నానం చేయించండి. పొట్ట కింద మడుగు కట్టినచోట పొడి కుంచెతో పీల్చేయాలంటారు. మీరు అది సగం ఆరేదాకా మరిచిపోయి, అప్పుడు గుర్తొచ్చి గోకండి. టీ కప్పు పెట్టిన టేబుల్ మీద మిగిలే వలయాలు సింహం వీపు మీద తేలతాయి. 2019లో కాంట్రాస్ట్ అనే రంగులు వచ్చాయి. లేత ప్రైమర్ మీద ఒక్క పూత వేస్తే రంగూ నీడా ఒకేసారి వస్తాయి. మన పూత నల్లది కాబట్టి వాటితోనూ ఉపయోగం లేదు.

3 గంటలు: కళ్లు

తొందర పనివాడికి అసలు పరీక్ష ఇక్కడే. పట్టిపట్టి చూసేవారు సింహానికి గుండ్రటి కంటిపాప, మేకకు అడ్డంగా ఉండే పాప, డ్రాగన్‌కు నిలువు చీలిక పెడతారు. మూడు తలలూ మూడు వేర్వేరు జంతువులవని చూసేవాడికి ఆ ఆరు చుక్కలతోనే అర్థమవుతుంది. అందుకోసం సన్నటి మొన ఉన్న కుంచె వాడతారు. దాన్ని మొన కిందికి చేసి నీళ్లలో నిలబెట్టరు, రంగును లోహపు పట్టీ దాకా ఎక్కనివ్వరు. మీ కుంచె ఈపాటికి గంటకు పైగా గ్లాసులో మొన మీద నిలబడి కొక్కెమై ఉంటుంది. దాంతోనే ఆరు తెల్ల చుక్కలు పెట్టండి. మూడు తలలూ మీకేసి ఒకే రకంగా తెల్లబోయి చూస్తాయి. గ్లాసు పక్కనే టీ పెట్టుకుని ఉంటే, ఏది తాగుతున్నారో ఒకసారి చూసుకోండి.

4 గంటలు: అడుసు తొక్కాక

ఇప్పుడు మీకు రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెడితే రంగు మెత్తబడి టూత్‌బ్రష్‌కు వచ్చేస్తుందట. నానబెట్టడం, మళ్లీ ఆగడమే. నెయిల్ పాలిష్ రిమూవర్ అయితే వెంటనే పనిచేస్తుంది. అందులో అసిటోన్ ఉంటే రంగుతోపాటు ప్లాస్టిక్ సింహం కూడా కరిగిపోతుంది. తలల సమస్య అంతటితో సమసిపోతుంది.

అంత ధైర్యం లేకపోతే వార్నిష్ కొట్టి ముగించండి. తేమలో మ్యాట్ వార్నిష్ కొడితే పైన తెల్లటి పొర కమ్ముతుంది. హిమాలయాల కైమెరా అనండి.

ఉదయం 10: యుద్ధరంగం

కైమెరాను పాత చెప్పుల పెట్టెలో వేసి బైకు మీద తీసుకెళ్లండి. దిగేసరికి తీగ లేని రెక్క విడిగా ఉంటుంది. ఎదుటివాడు మూడు వారాలు కూర్చుని చేసిన ట్రోల్‌ను టేబుల్ మీద పెడతాడు. దాన్ని ఎక్కువసేపు చూడొద్దు. మీ బొమ్మను చూసి ఏమిటిదని అడిగితే, ఇంకా పూర్తి కాలేదు అనండి. నాటింగ్‌హామ్ నుంచి నల్లకుంట దాకా చెల్లే జవాబు అది.

వార్‌హామర్ పాత ఆటల్లో డ్రాగన్లంతటివే ఫిరంగి పేరు చెబితే జడిసేవి. ఒక్క గుండు సరిగ్గా తగిలి, పాచిక కలిసొస్తే అంతే సంగతులు. కొత్తగా రంగు వేసిన బొమ్మ మొదటి టర్నులోనే చస్తుందని ఆటగాళ్లలో ఒక నమ్మకం కూడా ఉంది. పూర్తి కాని బొమ్మకు ఆ గండం వర్తించదని మీరు వాదించవచ్చు. ఎదుటివాడు ఒప్పుకోడు.

ఆ తర్వాత మిగిలిన రెక్కను, తలలను ఏరి పెట్టెలో వేసుకుని, తిన్నగా దుకాణానికి వెళ్లి ఈసారి హైడ్రా కొనండి. దానికి తలలు బోలెడు. రెండు మూడు తగ్గినా లెక్కపెట్టేవాడు ఉండడు.