మోడెమ్ మేల్కొలుపు: టీకా తాత్పర్య సహితము

మూలము (ఆటవెలది)

వెదకు మొదట వినుచు వీధితీగ పిలుపు
కలియ గాల మడిగి గళము దిద్దు
అంకె పొంది పత్ర మంది సంతకమిడి
అదురు మాని వెలుగు నపుడె దివ్వె

టీక: వీధితీగ = ఇరుగుపొరుగు ఇళ్లన్నీ పంచుకొనే కోయాక్సియల్ కేబుల్; పిలుపు = సేవాసంస్థ చివరన ఉండే సీఎంటీఎస్ అనే యంత్రం ఎడతెగక పంపే సంకేతం; కాలము = పలకడానికి దొరికే వ్యవధి; గళము = మోడెమ్ పంపే సంకేతపు బలం; అంకె = ఐపీ చిరునామా; పత్రము = చందాదారుకు ఎంత వేగమివ్వాలో రాసి ఉన్న కాన్ఫిగరేషన్ ఫైలు; అదురు = దీపపు మిణుకు.

తాత్పర్యము: కరెంటు అందగానే మోడెమ్ నోరు విప్పదు, మునుపు పనిచేసిన ఫ్రీక్వెన్సీ గుర్తుంటే దానిని, లేకుంటే ఉత్తర అమెరికాలో 6 మెగాహెర్ట్జ్ వెడల్పు గల చానళ్లను ఒక్కొక్కటిగా గాలించి, సీఎంటీఎస్ సంకేతాన్ని పట్టుకొని, దానితో వచ్చే కాలముద్రకు తన గడియారాన్ని సరిచేసుకొని, ఎగువకు ఎక్కడ, ఎప్పుడు పలకాలో తెలిసిన పిమ్మటే బదులిచ్చి, చిరునామానూ ఫైలునూ పొంది, నమోదై, నిలకడగా వెలుగుతుందని భావం. 1997లో కేబుల్‌ల్యాబ్స్ వెలువరించిన డాక్సిస్ నిబంధనలలోని క్రమం ఇదే.

విశేషములు: పద్యానికి ప్రాణం రెండవ పాదం. ఎగువ దారి అందరిదీ కనుక, కొత్తగా వచ్చినవారికై విడిచిన వ్యవధిలో మోడెమ్ ఒక విన్నపం పంపి, సుమారు 200 మిల్లీసెకన్లు వేచి, జవాబు రాకుంటే గొంతు కొంచెం పెంచి, మరొకరితో మళ్లీ ఢీకొనకుండా యాదృచ్ఛికమైన విరామమిచ్చి తిరిగి పలుకుతుంది. విన్న సీఎంటీఎస్ బలాన్ని పావు డెసిబెల్ మెట్లలో ఇంత పెంచమనో తగ్గించమనో, ఇంత ముందుగా పలకమనో ఆదేశిస్తుంది. దూరపు ఇల్లూ దగ్గరి ఇల్లూ తన చెవికి ఒకే స్థాయిలో, కేటాయించిన క్షణానికే వినబడాలన్నది దాని పట్టుదల. దీనికే రేంజింగ్ అని పేరు. దీపం మిణుకుతున్నంతసేపూ మోడెమ్ చెడిందని తలచి స్విచ్చి ఆర్పేవారు ఈ మర్యాదను మధ్యలో చెరిపి, కథను మొదటికి తెస్తున్నారని గ్రహించాలి.

‘కాలము’ అంటే రోజులోని వేళ అని, టైమ్ సర్వరును అడగడమే ఇక్కడ ఉద్దిష్టమని ఒక పూర్వపక్షం చేయవచ్చును. అది నిలువదు, ఆ వేళ లాగ్‌లలో తేదీ వేసుకొనేందుకు, అదీ చిరునామా దక్కాకే అడిగేది.

‘సంతకమిడి’ అన్నచోట మాత్రం కవి కొంత జారాడు. సంతకం మోడెమ్‌ది కాదు. సంస్థకూ సీఎంటీఎస్‌కూ మాత్రమే తెలిసిన రహస్యపదంతో లెక్కించిన ముద్ర ఫైలులోనే ఉండగా, మోడెమ్ దానిని నమోదు విన్నపంలో యథాతథంగా అప్పగిస్తుంది. ఫైలు మార్చి వేగం పెంచుకోజూసే గడుసువారిని ఆపడానికే ఈ ఏర్పాటు. కనుక ‘ఇడి’ అనగా సమర్పించి అని అర్థం చెప్పుకొంటే దోషం తొలగుతుంది.

‘దివ్వె’ నమోదు ముగిసిందని మాత్రమే చెబుతుంది. ఇంట్లోని వైఫై రౌటరు జోలికి పద్యకర్త పోలేదు.